నెలకు నాలుగు మోకాళ్లు చేసే సర్జన్ ఏ కోర్సుకు వెళ్లాలి?

డాక్టర్ గారూ, మీ ప్రశ్న పెద్దది కాబట్టి నాకు అర్థమైనంత కుదించి చెబుతాను. ఎంఎస్ ఆర్థో అయి ఆరేళ్లు. జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు. నెలకు నాలుగైదు మోకాలి మార్పిడులు, ఏడాది మొత్తం కలిపితే పదో పన్నెండో తుంటి మార్పిడులు. రెండేళ్లలో పద్నాలుగు వర్క్‌షాపులకు వెళ్లారు. గోడ మీద సర్టిఫికెట్లకు చోటు లేదు గానీ "చేయి మాత్రం అక్కడే ఉంది" అన్నారు. ఇప్పుడు రోబోటిక్ కోర్సు, విదేశంలో ఫెలోషిప్, రివిజన్ (ముందు పెట్టిన కీలును తీసి మళ్లీ పెట్టడం) కాడవర్ కోర్సు (దానం చేసిన దేహాల మీద నేర్పేది), ఈ మూడింట్లో దేనికి డబ్బూ సెలవూ పెట్టాలని అడిగారు. పనిలో పనిగా, ఆరు నెలల కింద మోకాలు మార్చినా రాత్రిపూట నొప్పి తగ్గని ఒక ఆవిడ సంగతి కూడా రాశారు. ఆమె దగ్గరికి చివర్లో వస్తాను.

సూటిగా చెప్పమంటే, ఈ ఏడాది మూడింట్లో దేనికీ వెళ్లకండి. మీరు చేసిన చివరి యాభై మోకాళ్లను ముందు వెనక్కి పిలిపించి చూడండి. తర్వాత, రివిజన్లు ఎక్కువగా చేసే ఒక సీనియర్ పక్కన రెండు వారాలు నిలబడండి. ఈ రెండూ అయ్యాక మీకు ఏ కోర్సు కావాలో ఎవరినీ అడగక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. నేనూ మీలాగే ఆరేడేళ్ల ప్రాక్టీసు వరకు బ్యాగు సర్దుకుని ఊరూరా తిరిగినవాణ్ణే. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి క్రెడిట్ గంటలు కావాలి, నిజమే. ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ (డాక్టర్లు కొనసాగించాల్సిన చదువు) ఉండాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఆ 30 గంటలు రెండు మూడు కాన్ఫరెన్సులతో గడిచిపోతాయి. అది కౌన్సిల్‌కి కట్టే లెక్క. చేతికి వచ్చే చదువు వేరు. ఈ రెండింటినీ ఒక్కటే అనుకోవడం వల్లే మీ గోడ నిండింది.

నా సంగతి చెబుతాను. ఏడో ఏట ఒక సాయంత్రం మా ఫిజియోథెరపిస్టు మాటల్లో మాటగా అన్నాడు: "సార్, మీ కుడి మోకాళ్లు కొన్ని ఇంకా కొంచెం దొడ్డికాళ్లలాగే కనిపిస్తున్నాయి." నాకు కోపం వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు రిజిస్టరు తీసి, గత రెండేళ్లలో చేసిన అరవై మందికి ఫోన్లు చేయించాను, ఖర్చు నాదే అని చెప్పి. నలభై మంది దాకా వచ్చారు. ఒంగోలు అవతల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ "ఇన్నాళ్లకు గుర్తొచ్చానా బాబూ" అంది. తలెత్తి చూడలేకపోయాను. అందరికీ నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా స్కానోగ్రామ్ (కాలంతా ఒకే ఎక్స్‌రేలో) తీయించాను.

ఫిజియో చెప్పిందే నిజం. కొన్నింటిలో టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) కోత వేరస్‌లో, అంటే లోపలి వైపుకు ఒరిగి ఉంది, మూడు డిగ్రీలు దాటి. అన్నీ లావుగా ఉన్న ఆడవాళ్లవి, ఎక్కువ కుడివైపువి. ఫిల్ములన్నీ బల్ల మీద పరిచి చూస్తే కారణం అర్థమైంది. నేను జిగ్ (కోతకు దారి చూపే చట్రం) కింది కొసను రెండు చీలమండ ఎముకల సరిగ్గా మధ్యలో పెడుతున్నాను. కానీ చీలమండ కీలు అసలు కేంద్రం ఆ మధ్యబిందువు కన్నా కొన్ని మిల్లీమీటర్లు లోపలి వైపు ఉంటుంది. జిగ్ కొస బయటికి జరిగితే కోత లోపలి వైపు ఎక్కువ పడుతుంది, అంటే వేరస్. ఈ ముక్క నాకు పుస్తకంలో తెలుసు, పరీక్షలో రాశాను కూడా. లావు కాలికి కొవ్వు మీద జిగ్ జారుతుందనీ, నేను నిలబడే కోణం నుంచి కుడికాలికి అది తిన్నగానే కనిపిస్తుందనీ మాత్రం తెలియదు. ఏ వర్క్‌షాపూ నాకు దీన్ని చెప్పలేదు. చెప్పలేదు సరే, చెప్పలేదని తప్పుపట్టలేం కూడా, ఎందుకంటే అది నా చేతి తప్పు, అక్కడున్న వందమందిలో నాది ఎవరికి తెలుస్తుంది?

వర్క్‌షాపులో మనం చూసేది ఏరి తెచ్చిన కేసు. లైవ్ సర్జరీకి ఎంచుకునే మోకాలు పది డిగ్రీల వంకరతో, బరువు తక్కువ పేషెంటుతో, చక్కగా వంగేదిగా ఉంటుంది. మీ ఓపీకి వచ్చే ఆవిడ పదిహేనేళ్లు నూనెలూ కట్లూ మందులూ అన్నీ వాడి, ముప్ఫై డిగ్రీల వంకరతో, టిబియా లోపలి వైపు ఎముక అరిగి గుంట పడ్డాక వస్తుంది. సా బోన్ (ప్లాస్టిక్ ఎముక) మీద చేస్తే కోతల వరస వస్తుంది. అది అవసరమే, జిగ్గుల మీద భయం పోతుంది. కానీ ప్లాస్టిక్ ఎముకకు లిగమెంట్ బిగుతు ఉండదు, రక్తం రాదు. కాడవర్ ఇంకా మేలు, తుంటి అప్రోచ్‌లకు (కీలు దాకా తెరిచే దారులకు) అంతకన్నా మంచి బడి లేదు. అయితే దానం చేసిన దేహాల్లో మోకాలు చాలాసార్లు అరగని మోకాలే. వంకర కాలిని సరిచేయడం అక్కడ రాదు. కోర్సు మోసం అనడం లేదు. ఏ ప్రశ్నా లేకుండా వెళితే ఏ జవాబూ తెచ్చుకోలేమంటున్నాను.

కోర్సుల్లో కూడా తేడా ఉంది. కీళ్ల మార్పిడిలో శిక్షణ ఇచ్చే ఏఓ రికాన్ వాళ్ల కోర్సులు ప్రిన్సిపుల్స్, కాంప్లెక్స్ అని రెండు మెట్లుగా ఉంటాయి. వాటిలో నాకు నచ్చేది లెక్చర్లు కాదు, చిన్న గుంపుల్లో జరిగే కేసు చర్చ. ఎక్స్‌రే పెట్టి "ముందు నువ్వేం చేస్తావో చెప్పు, తర్వాత ఏం జరిగిందో చూపిస్తాం" అంటారు. నోరు తెరిచి ప్లాన్ చెప్పేస్తే ఇక తప్పించుకోలేం. వెనక వరసలో ఫోన్ చూసుకుంటూ కూర్చునే వర్క్‌షాపుకీ దీనికీ పోలికే లేదు. కోర్సుకు డబ్బు కట్టే ముందు నిర్వాహకులను ఒక్క మాట అడగండి: సొంత కేసుల ఎక్స్‌రేలు తెచ్చుకోవచ్చా, వాటి మీద చర్చ ఉంటుందా? లేదంటే ఆలోచించుకోండి.

ఇక సీనియర్ దగ్గర నిలబడటం గురించి. చాలామంది అక్కడికి పోయి ఆపరేషన్ చూసి వచ్చేస్తారు. ఆపరేషన్ ఇప్పుడు వీడియోలో కూడా దొరుకుతుంది. చూడాల్సింది ముందు రోజు సాయంత్రం. నేను చెన్నైలో ఒక సార్ దగ్గర కొన్ని రోజులున్నాను. మొదటి సాయంత్రం ఒక వదులైన తుంటి కేసు మీద ఆయన ముప్పావుగంట కూర్చున్నారు. టెంప్లేటింగ్ (ఎక్స్‌రే మీద ఇంప్లాంట్ కొలతలు వేసి చూడటం) చేసి, పాత ఇంప్లాంట్ ఏ కంపెనీదో స్టిక్కరు తెప్పించి, దాన్ని తీయడానికి ఏ పరికరం కావాలో రాసి, "తీసేటప్పుడు తొడ ఎముక పగిలితే" అని ఇంకో ప్లాను, "కప్పు (కటి వైపు పెట్టే గిన్నె) వెనక గోడే లేకపోతే" అని మూడో ప్లాను రాశారు. మర్నాడు రెండో ప్లాను అవసరమైంది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు, ఆ ట్రే అప్పటికే బల్ల మీద ఉంది. రివిజన్‌లో తీయడమే సగం ఆపరేషన్. సిమెంటులో బిగిసిన స్టెమ్‌ను (తొడ ఎముకలోకి దిగే కాడను) ఎముక పాడవకుండా తీయడానికి సన్నని వంగే ఆస్టియోటోమ్‌లు (ఎముక ఉలులు), గిగ్లీ తీగ రంపం, అవసరమైతే ట్రొకాంటర్‌తో (తొడ ఎముక పైనుండే బుడిపెతో) సహా ఎముకను పలకలా తెరిచే ఆస్టియోటమీ, ఇవన్నీ ఎప్పుడు, ఏ వరసలో అన్నది పక్కన నిలబడితేనే ఎక్కుతుంది. ఆయన సోమవారం ఓపీ కూడా వదలకండి. పదేళ్ల కిందటి పేషెంట్లు, తన సొంత ఫెయిల్యూర్లు వచ్చినప్పుడు పెద్ద సర్జన్ వాళ్లతో ఎలా మాట్లాడతాడో చూడాలి. ఏ స్లైడులోనూ కనిపించని చదువు అది.

మన దగ్గర ఈ సర్జరీ పెరిగిన తీరు కూడా గుర్తుంచుకోవాలి. 2000లో ముంబై బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో వాజ్‌పేయి గారి మోకాలికి డాక్టర్ చిత్తరంజన్ రణావత్ ఆపరేషన్ చేశాక, మరుసటి ఏడాది రెండోదీ చేశాక, ఊళ్లలో పెద్దవాళ్లు "వాజ్‌పేయి గారికి చేసిన ఆపరేషనే కదా" అంటూ వచ్చేవారు. గిరాకీ ముందు వచ్చింది, శిక్షణ వెనక నడిచింది. మా తరంలో చాలామందికి మొదటి గురువు ఇంప్లాంట్ కంపెనీ రెప్, అంటే కంపెనీ ప్రతినిధే. "సార్, ఇప్పుడు ఈ బ్లాకు" అని లేజర్ పాయింటరుతో చూపిస్తుంటే కోసినవాళ్లం. రెప్‌లు పనిమంతులు, కాదనను. కానీ వాళ్లకు జిగ్ తెలుసు, మోకాలు మీకే తెలియాలి.

తుంటి సంగతికి వద్దాం. ఏడాదికి పన్నెండు చేస్తున్నారు కాబట్టి, ఉన్న అప్రోచ్ మార్చకండి. డైరెక్ట్ యాంటీరియర్ (ముందు వైపు నుంచి తెరవడం) అని ఇప్పుడు చాలా మాట్లాడుతున్నారు. మంచి దారే. కానీ నేర్చుకునే దశలో తొడ ఎముక పగలడం, స్టెమ్ సరిగ్గా కూర్చోకపోవడం లాంటివి ఎక్కువ. నెలకు ఒక తుంటితో ఆ దశ దాటడానికి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లూ భారం మోసేది పేషెంట్లే. పోస్టీరియర్ (వెనక వైపు నుంచి) చేస్తుంటే అదే చేసి, క్యాప్సూల్‌ను (కీలు చుట్టూ ఉండే సంచిని) శ్రద్ధగా కుట్టండి. కప్పు గురించి మనమంతా 1978 నాటి ల్యూవినెక్ లెక్కతో పెరిగాం. ఇంక్లినేషన్ (కప్పు పక్కకు వాలే కోణం) 40, యాంటీవెర్షన్ (ముందుకు తిరిగే కోణం) 15, రెండింటికీ పది డిగ్రీలు అటూ ఇటూ. ఆ పెట్టెలో కూర్చున్న కప్పులు కూడా జారుతాయని తర్వాత తెలిసింది. నాకు తెలిసింది ఇలా: నడుము బిగుసుకుపోయిన యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్లు. కప్పు పుస్తకంలో చెప్పినట్టే పెట్టాను, ఎక్స్‌రే చూసి నేనే మురిసిపోయాను. మూడో వారం నిలబడి వెనక్కి అడుగు వేస్తే తుంటి ముందుకు జారింది. వెన్ను గడ్డకట్టిన ఆ కుర్రాడి కటి వెనక్కి ఒరిగిపోయి ఉంది. అలాంటప్పుడు నిలబడితే కప్పు నోరు ఇంకా ముందుకు తెరుచుకుంటుంది. నేను పెట్టిన 15 అతనికి 15 కాదు. అప్పటి నుంచి నడుము బిగుతున్నవాళ్లకు, వెన్నులో రాడ్లు ఉన్నవాళ్లకు కూర్చోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి పక్క ఎక్స్‌రే తీయకుండా తుంటి పెట్టలేదు. భయం ఉన్న కేసుల్లో డ్యూయల్ మొబిలిటీ (రెండు చోట్ల తిరిగే) కప్పు ఆలోచిస్తాను. ఫ్రాన్సులో బూస్కే అనే సర్జన్ 1970లలోనే చేసిన ఆలోచన అది, మన దాకా రావడానికే ఆలస్యమైంది. మీకు కోర్సు పెట్టుకోవాలనే ఉంటే ఈ వెన్ను-కటి-తుంటి సంబంధం మీద జరిగేది పెట్టుకోండి, దానికి విలువ ఉంది.

మన పేషెంట్ల సంగతులు కొన్ని బయటి కోర్సుల్లో రావు. స్టెరాయిడ్లు వాడాక తుంటి తల ఎండిపోయిన ముప్ఫై ఏళ్లవాళ్లు. కట్టు కట్టించుకుని ఆర్నెల్లు మంచం మీద ఉండి వచ్చిన తొడ మెడ విరుపులు. విఫలమైన బైపోలార్లు (తుంటి తల మాత్రమే మార్చినవి). గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, నేల మీద మఠం వేసుక్కూర్చునే అలవాటు. వీటికి మన దేశంలోనే చేయి తిరిగినవాళ్లున్నారు, వాళ్లను వెతుక్కోవాలి.

అన్నింటికన్నా మనదే అనదగ్గది ఫ్లోరోసిస్. మీది నల్గొండ వైపో ప్రకాశం వైపో అయితే ఇది తప్పదు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట నమోదు చేసింది నాటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలోనే. ఆ ఎముక రాయి. కొత్త బ్లేడు కూడా వేడెక్కి పొగ వస్తుంది, వేడికి ఎముక చచ్చిపోతుంది. అందుకని రెండు మూడు కొత్త బ్లేడ్లు పక్కన పెట్టుకుని, సెలైన్ ధార ఆపకుండా, తొందరపడకుండా కోయాలి. అంత గట్టి ఎముకలోకి సిమెంట్ ఇంకదు. సన్నని డ్రిల్‌తో చిన్న చిన్న రంధ్రాలు చాలా వేయాలి. లిగమెంట్లు, ఎముకకు అంటుకునే చోట్లు గడ్డకట్టి ఉంటాయి, మోకాలు తెరవడమే కష్టం. మత్తు డాక్టరుకు ముందే చెప్పండి, వెన్నులోకి సూది దిగకపోవచ్చు. ఇంకో పొరపాటు నేనే చేశాను. కాళ్లు బిగుసుకుని నడవలేకపోతున్న ఒక పెద్దాయనకు మోకాళ్లే కారణం అనుకుని తేదీ ఇచ్చేశాను. మత్తు డాక్టరు గారు రిఫ్లెక్సులు చూసి ఆపారు. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి ఉంది. మోకాలు మార్చినా ఆయన నడిచేవాడు కాదు. ఇలాంటి కేసులు మీ దగ్గర పది పోగైతే, మీరే ఒక సాయంత్రం చుట్టుపక్కల ఆర్థో డాక్టర్లను కూర్చోబెట్టి చూపించండి. చెప్పడానికి తయారయ్యేటప్పుడు నేర్చుకున్నంత నేను ఏ హాల్లోనూ నేర్చుకోలేదు.

రివిజన్ కాడవర్ కోర్సు ఇప్పుడు వద్దన్నది ఎందుకంటే, నెలకు నాలుగు మోకాళ్ల ప్రాక్టీసులో రివిజన్ ఏడాదికి ఒకటో రెండో వస్తుంది. రెండు రోజుల కోర్సు ధైర్యం ఇస్తుంది గానీ చేయి ఇవ్వదు. ఆ ధైర్యమే ప్రమాదం. అరుదుగా చేసే పని గురించి ఒక ఉదాహరణ: మోకాలు సగం మాత్రమే మార్చే యూనికాండైలర్ మీద బ్రిటన్ జాతీయ రిజిస్ట్రీలోని (పెట్టిన కీళ్లన్నీ నమోదయ్యే పట్టీలోని) దాదాపు 42 వేల కేసులను ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చూశారు. తన మోకాళ్లలో ఐదో వంతైనా యూని చేయని సర్జన్ల చేతిలో రివిజన్లు ఎక్కువగా తేలాయి. ఎప్పుడో ఒకసారి ముచ్చటకు చేసే ఆపరేషన్ ఎవరికీ మంచిది కాదు. కాబట్టి మీ మోకాళ్లలో యూని ఒకటీ రెండూ అయితే మానేయండి, లేదా దానికి తగిన పేషెంట్లను గుర్తుపట్టడం నేర్చుకుని నిజంగానే చేయండి. ఇన్ఫెక్షన్ వచ్చిన కీలు, ఎముక పెద్దగా పోయిన రివిజన్ ఇప్పటికి పంపించేయండి. పంపించేటప్పుడు మీరూ వెళ్లి చేతులు కడుక్కుని పక్కన నిలబడండి. అదే మీ రివిజన్ కోర్సు, అదీ మీ పేషెంటు మీదే.

రోబో గురించి రెండు మాటలు. నేను వాడుతున్నాను, విరోధిని కాదు. రోబో మీరు వేసిన ప్లానును తప్పకుండా అమలు చేస్తుంది. ప్లాను తప్పైతే ఆ తప్పును కూడా డిగ్రీ తేడా లేకుండా చేస్తుంది. ఇప్పుడు మెకానికల్ ఎలైన్‌మెంటా (కాలిని తిన్నగా పెట్టడం), కైనమాటికా (పేషెంటుకు సహజంగా ఉన్న తీరుకే పెట్టడం) అని పెద్ద వాదం నడుస్తోంది. పేషెంటు మోకాలు అసలు ఏ తీరుదో 2021లో వచ్చిన సీపాక్ వర్గీకరణతో తొమ్మిది రకాలుగా చూస్తున్నారు. ఇది అర్థం చేసుకోకుండా తెర మీద అంకెలు జరిపితే ఏం లాభం? ఒక్క మేలు మాత్రం ఒప్పుకుంటాను. ఎముకల మధ్య గ్యాపులు మిల్లీమీటర్లలో కళ్లముందు కనిపిస్తాయి, ఏ లిగమెంట్ ఎంత వదిలితే ఎంత తెరుచుకుందో కుర్రాళ్లకు చూపించడానికి అంత మంచి పలక లేదు. రోబో కోసం పిన్నులు వేసిన చోట ఎముక విరిగే ప్రమాదం అరుదుగానైనా ఉంది, అది ఎవరూ బ్రోషరులో రాయరు. మీ ఊళ్లో యంత్రం లేనప్పుడు బోర్డు మీద "రోబోటిక్ శిక్షణ పొందిన" అని రాయించుకోవడానికైతే వెళ్లండి, చదువు కోసమైతే తర్వాత చూద్దాం.

విదేశీ ఫెలోషిప్ గురించి సూటిగానే అడిగారు. ఎంఎస్ అయిన వెంటనే అయితే ఎఫ్‌ఎన్‌బీ ఆర్థ్రోప్లాస్టీ (కీళ్ల మార్పిడిలో నేషనల్ బోర్డు ఫెలోషిప్) రెండేళ్లు చేయమనేవాణ్ణి. మీకిప్పుడు ప్రాక్టీసు, పిల్లల చదువు, బ్యాంకు వాయిదాలు ఉన్నాయి. నాలుగైదు వారాలకు మించి కుదరదు. అందుకే ఊరి పేరు చూసి కాదు, సమస్య చూసి ఎంచుకోండి. ఇన్ఫెక్షన్‌లో ఒకే దఫా మార్పిడి చూడాలంటే జర్మనీలో హాంబర్గ్ ఎండో క్లినిక్. సిమెంట్ స్టెమ్‌లు, ఎముక పొడి దట్టించి కట్టే పద్ధతి చూడాలంటే ఇంగ్లండ్‌లో ఎక్సెటర్. అక్కడే ఉన్న రైటింగ్టన్ ఆసుపత్రి అయితే ఈ వృత్తికి పుట్టిల్లు.

ఆ పుట్టింటి కథ తెలియనివాళ్లు ఉండరు గానీ ఒక భాగం ఎవరూ చెప్పరు. రైటింగ్టన్‌లో తుంటి మార్పిడికి దారి వేసిన జాన్ చార్న్‌లీ మొదట టెఫ్లాన్ కప్పులు పెట్టాడు. సుమారు 300 మందికి పెట్టాక అవి కొన్నేళ్లకే అరిగిపోవడం మొదలైంది. ఆయన కప్పిపుచ్చలేదు. వాళ్లను పిలిపించి, తీసి, కొలిచాడు. టెఫ్లాన్ పొడి ఒంటికి ఏం చేస్తుందో చూడటానికి తన తొడలోకే ఎక్కించుకున్నాడు. 1962 నవంబరులో పాలిథిలీన్ కప్పు మొదలైంది, ఇవాళ్టికీ మనం దాని వారసుల్నే పెడుతున్నాం. చనిపోయాక తమ తుంటి తిరిగి ఇవ్వండని పేషెంట్లను అడిగిన మనిషాయన. యాభై మందికి ఫోన్ చేయమంటే మనకు మొహమాటం!

పేషెంట్లను వెనక్కి పిలవడం మీద ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో అర్థం కావాలంటే ఏఎస్‌ఆర్ గొడవ గుర్తు చేసుకోండి. డెప్యూ కంపెనీ లోహం మీద లోహం తిరిగే ఆ తుంటిని 2010 ఆగస్టులో ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. అప్పటికి 93 వేల మందికి పెట్టారు. ఆస్ట్రేలియాలో అంతకు ముందే, 2009 చివరకే ఆపేశారు, ఎందుకంటే వాళ్ల జాతీయ రిజిస్ట్రీలో ఆ ఇంప్లాంట్ రివిజన్ల గీత మిగతావాటికన్నా పైకి లేచి కనిపించింది. మన దేశంలో నాలుగు వేలకు పైగా పెట్టారు. తర్వాత కేంద్రం నియమించిన కమిటీ లెక్క చూస్తే వాళ్లలో ఎక్కువమంది ఆచూకీయే దొరకలేదు. ఎన్ని కోర్సులు చేసినా ఇలాంటిది ముందే తెలియదు. స్వీడన్ మోకాళ్ల రిజిస్ట్రీ 1975లో, తుంటిది 1979లో మొదలైంది. మనకు ఇండియన్ సొసైటీ ఆఫ్ హిప్ అండ్ నీ సర్జన్స్ వాళ్ల రిజిస్ట్రీ ఉంది, ఇష్టమున్నవాళ్లు రాస్తారు. మీరు రాయండి. ఆస్ట్రేలియా వాళ్ల వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. ఏడాదికోసారి కూర్చుని మీరు వాడే ఇంప్లాంట్ ఎక్కడుందో చూసుకోండి. రెప్ చూపించే గ్రాఫు ఆ తర్వాత చూద్దురు.

చదువు మీ ఒక్కరికే కాదని కూడా చెప్పాలి. ఒక మే నెలలో మా థియేటర్ ఏసీ సగం పనిచేయని రోజు, సిమెంట్ నేను టిబియా పెట్టేలోపే గట్టిపడింది. తీసి, శుభ్రం చేసి, మళ్లీ పెట్టే సరికి చెమటలు పట్టాయి. తప్పు ఏసీది కాదు. వేడికి సిమెంట్ త్వరగా బిగుస్తుందని నాకు తెలుసు, కలిపే సిస్టర్‌కి నేనెప్పుడూ చెప్పలేదు. అప్పటి నుంచి ఎండాకాలం సిమెంట్ డబ్బాలు చల్లటి చోట ఉంటాయి, గది ఉష్ణోగ్రత చూసి సిస్టరే "సార్, ఇవాళ తొందరగా బిగుస్తుంది" అంటుంది. నెలకో అరగంట, టీ తాగుతూ, మీ సిస్టర్లకూ మత్తు డాక్టరుకూ ఫిజియోకూ గత నెల కేసులు చూపించండి. నా వేరస్ మోకాళ్లను పట్టుకుంది నేను కాదు కదా.

ఆ యాభై మందిని పిలిచినప్పుడు ఏం రాసుకోవాలంటే, పెద్ద స్కోరు షీట్లు అక్కర్లేదు, అవే భయపెట్టి పని ఆపేస్తాయి. స్కానోగ్రామ్‌లో కోణాలు, మోకాలు ఎంత చాస్తున్నారు, ఎంత ముడుస్తున్నారు, మెట్లు ఎలా దిగుతున్నారు, రాత్రి నొప్పి ఉందా, ఇంప్లాంట్ స్టిక్కరు. ఇంకొకటి అడగండి: "మళ్లీ చేయించుకోవాల్సి వస్తే చేయించుకుంటావా అమ్మా?" దానికి ముందు వచ్చే మౌనాన్ని కూడా రాసుకోండి.

ఇక ఆ రాత్రి నొప్పి ఆవిడ. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, మోకాలు బాగానే వంగుతోందన్నారు. వంగినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని కాదు. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రక్త పరీక్షలు చేయించండి. అనుమానం ఉంటే కీలు నుంచి నీరు తీసి కణాల లెక్కకు, కల్చర్‌కు పంపండి. కల్చర్‌ను రెండు వారాలు ఉంచమని ల్యాబుకు ముందే చెప్పండి, కొన్ని సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరుగుతాయి. తుంటి ఎక్స్‌రే తీశారా? మీరు రాయలేదు. తుంటి నొప్పి మోకాలికి దిగడం మనందరికీ తెలిసిందే, తెలిసీ నేను ఒకసారి మర్చిపోయి, బాగున్న మోకాలినే నాలుగు నెలలు పరీక్షించాను. నడుము కూడా చూడండి. రిపోర్టులు వచ్చాక, పేరూ ఊరూ చెరిపేసి ఎక్స్‌రేలు ఇక్కడే పెట్టండి, నేనూ ఇంకో ఇద్దరు ముగ్గురూ చూస్తాం. ఈలోపు ఎవరు ఒత్తిడి చేసినా ఆవిడకు యాంటీబయాటిక్ మాత్రం మొదలుపెట్టకండి. ఇప్పటికే రాసి ఉంటే ఎన్ని రోజులు వాడిందో చెప్పండి, ఆపాక రెండు వారాలు ఆగి నీరు తీయాల్సి ఉంటుంది.